ఫ్రీ స్కూల్ లేన్‌లో మేఘం, నెత్తురు, నక్షత్రం

1962 డిసెంబరులో స్టాక్‌హోమ్ వేదికెక్కి నోబెల్ బహుమతి అందుకున్నవాళ్లలో నలుగురు ఒకే సందులో పనిచేసినవాళ్లు. మాక్స్ పెరుట్జ్, జాన్ కెండ్రూలకు రసాయనశాస్త్రంలో వచ్చింది. ఫ్రాన్సిస్ క్రిక్, జేమ్స్ వాట్సన్‌లకు వైద్యశాస్త్రంలో వచ్చింది. మొదటి ఇద్దరూ ప్రోటీన్ల ఆకృతిని బయటపెట్టారు, తర్వాతి ఇద్దరూ డీఎన్‌ఏ ఆకృతిని. ఆ పనులు జరిగింది మాత్రం రసాయన విభాగంలోనూ కాదు, వైద్య కళాశాలలోనూ కాదు. కేంబ్రిడ్జి ఊళ్లో ఫ్రీ స్కూల్ లేన్ అనే ఇరుకు సందులో, విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర విభాగంలో. ఆ విభాగం పేరే కావెండిష్ లేబొరేటరీ.

భౌతికశాస్త్రం అంటే మన పాఠ్యపుస్తకాల్లో గట్టి గోడలున్న గదులు. ఉష్ణం ఒక గది, కాంతి ఒక గది, ధ్వని, విద్యుత్తు, అయస్కాంతత్వం. ఆ విభజన పరీక్షకు పనికొస్తుంది. పరిశోధన జరిగే విభాగంలోకి వెళ్తే మాత్రం ఆ గోడలు కనబడవు. వాన చినుకు ఎలా పుడుతుందని అడిగిన మనిషి చేతి పరికరం, దాదాపు ముప్పై ఏళ్ల తర్వాత పరమాణు కేంద్రకం బద్దలవడాన్ని చూపిస్తుంది. రేడియో మాటలు సముద్రం ఎలా దాటుతున్నాయని అడిగిన బృందం చివరికి చచ్చిపోయిన నక్షత్రాన్ని కనిపెడుతుంది. ఇంత విస్తృతి ఎవరో ముందుగా కాగితం మీద గీసుకున్నది కాదు. ఒక ప్రశ్న కోసం చేసిన పరికరం పక్కవాడి ప్రశ్నకు అక్కరకు రావడం, బయటినుంచి వచ్చిన మనిషికి లోపల చోటు దొరకడం, పెద్దకుర్చీలో ఉన్నవారు అడ్డుపడకపోవడం వల్ల పెరిగింది. కావెండిష్ కథ చెబుతున్నది అందుకే.

విభాగానికి డబ్బిచ్చింది ఏడవ డెవన్‌షైర్ డ్యూక్ విలియం కావెండిష్. ఆయన అప్పట్లో విశ్వవిద్యాలయ చాన్సలర్, స్వయంగా గణితంలో దిట్ట. 1871లో మొదటి ఆచార్యుడిగా జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ వచ్చారు. విలియం థామ్సన్, హెల్మ్‌హోల్ట్జ్ ఇద్దరూ వద్దన్నాక పిలుపు ఆయనకు అందింది. 1874లో భవనం తెరుచుకుంది. విద్యుత్తు, అయస్కాంతత్వం, కాంతి మూడూ ఒకటేనని సమీకరణాల్లో చూపించిన మనిషి, ఆ పదవిలో ఉండగా ఎక్కువ సమయం విద్యుత్ ప్రమాణాల కొలతల మీదా, వందేళ్ల కిందటి హెన్రీ కావెండిష్ రాతప్రతులను సరిచూసి అచ్చువేయడం మీదా గడిపారు. 1879లో, 48 ఏళ్లకే పోయారు.

ఆ తర్వాత వచ్చిన లార్డ్ రేలీ ఉన్నది ఐదేళ్లే. ఆ ఐదేళ్లూ ఓమ్ ఎంత, ఆంపియర్ ఎంత, వోల్టు ఎంత అన్న ప్రశ్నతోనే గడిచాయి. టెలిగ్రాఫ్ తీగలు సముద్రాల అడుగున పరుచుకుంటున్న కాలం అది. ఒక దేశపు ఓమ్ ఇంకో దేశపు ఓమ్‌తో సరిపోకపోతే తీగలో తెగింది ఎక్కడో లెక్కకట్టడం కుదరదు. ఈ కొలతల్లో రేలీకి తోడుగా నిలిచింది ఆయన భార్య అక్క ఎలినోర్ సిడ్జ్‌విక్. పరిశోధన పత్రాల మీద ఇద్దరి పేర్లూ ఉంటాయి. మగవాళ్లతో సమానంగా ఆడవాళ్లనూ ప్రయోగశాల తరగతుల్లోకి రేలీ 1882లో రానిచ్చారు. కేంబ్రిడ్జి ఆడవాళ్లకు పూర్తిస్థాయి డిగ్రీ ఇచ్చింది 1948లో. అంటే విశ్వవిద్యాలయం కంటే ఈ విభాగం 66 ఏళ్లు ముందు నడిచింది.

కొలత పని చాలామందికి చప్పగా అనిపిస్తుంది. నాకు మాత్రం ఈ విభాగపు అసలు వెన్నెముక అక్కడే ఉందనిపిస్తుంది. రేలీ కొలిచిన వోల్టు ఎక్కడికి చేరిందో చూడండి. 1962లో బ్రయాన్ జోసెఫ్‌సన్ అనే 22 ఏళ్ల పరిశోధక విద్యార్థి అదే విభాగంలో, నిరోధం లేకుండా విద్యుత్తును మోసే అతివాహకాల గురించి ఒక చిన్న పత్రం రాశారు. రెండు అతివాహకాల మధ్య అతి పలుచని బంధక పొర పెడితే, ఎలక్ట్రాన్ల జంటలు ఆ పొరను దాటిపోతాయనీ, పొరకు అటూ ఇటూ వోల్టేజి ఉంటే ఆ ప్రవాహం ఊగిసలాడుతుందనీ, ఆ ఊగిసలాట వేగం వోల్టేజిని బట్టే ఉంటుందనీ అందులో చెప్పారు. ఒక మైక్రోవోల్టుకు సెకనుకు దాదాపు 48 కోట్ల ఊగిసలాటలు. లోహం ఏదన్నది లెక్కలేదు, పొర ఎంత మందమన్నది లెక్కలేదు. ప్రకృతి స్థిరాంకాలు రెండే అందులో ఉన్నాయి. పౌనఃపున్యాన్ని కొలవడం మనిషికి బాగా చేతనైన పని. కనుక 1990 నుంచి ప్రపంచమంతా వోల్టును ఆ ఊగిసలాటతోనే ఖరారు చేసుకుంటోంది. జోసెఫ్‌సన్‌కు 1973లో నోబెల్ వచ్చింది. రేలీ, సిడ్జ్‌విక్ చేతితో తీగచుట్టలు తిప్పి వెతికిన ప్రమాణం, అదే ఇంట్లో ఎనభై ఏళ్ల తర్వాత ఒక కుర్రవాడి సమీకరణంలో దొరికింది.

రేలీ తర్వాత 1884లో జె.జె. థామ్సన్‌ను ఎన్నుకున్నప్పుడు ఆయన వయసు 28. ఎలక్ట్రాన్‌ను 1897లో కనిపెట్టిన మనిషిగా ఆయన అందరికీ తెలుసు. విభాగం రాత మార్చింది మాత్రం 1895లో వచ్చిన ఒక నిబంధన అంటాను. ఇతర విశ్వవిద్యాలయాల్లో పట్టా పొందినవాళ్లు కేంబ్రిడ్జికి పరిశోధక విద్యార్థులుగా రావచ్చని విశ్వవిద్యాలయం ఆ ఏడు ఒప్పుకుంది. అంతవరకూ అక్కడ చదివినవాళ్లే అక్కడ పరిశోధన చేసేవాళ్లు. ఆ తలుపులోంచి మొదట వచ్చినవాళ్లలో న్యూజిలాండ్ నుంచి ఎర్నెస్ట్ రూథర్‌ఫర్డ్, ఐర్లండ్ నుంచి జాన్ టౌన్‌సెండ్ ఉన్నారు. ఒక ఊరి ప్రయోగశాల ప్రపంచానికి ప్రయోగశాల అయింది అప్పటినుంచే.

అదే 1895లో, ఈ సందడికి దూరంగా, ఒక స్కాట్లండ్ మనిషి గాజు ఊదుకుంటూ కూర్చున్నారు. సి.టి.ఆర్. విల్సన్. గొర్రెల పెంపకందారు కొడుకు. అంతకుముందు ఏడాది సెప్టెంబరులో ఆయన రెండు వారాలు బెన్ నెవిస్ కొండ మీది వాతావరణ కేంద్రంలో పనిచేశారు. అది బ్రిటన్‌లో అన్నిటికన్నా ఎత్తైన శిఖరం, 1,345 మీటర్లు. కింద లోయలో మబ్బు, వెనుక ఎండ. మబ్బు మీద పడిన తన నీడ చుట్టూ రంగురంగుల వలయాలు ఆయనకు కనిపించాయి. దిగివచ్చాక వాటిని ప్రయోగశాలలో పుట్టించాలనుకున్నారు. ఆయన్ను కేంబ్రిడ్జిలో కూర్చోబెట్టింది అంతే, ఒక మబ్బు అందం.

మబ్బు పుట్టించే పద్ధతి తెలిసిందే. తడిగాలిని గాజుపాత్రలో బంధించి ఒక్కసారిగా వ్యాకోచింపజేస్తే చల్లబడుతుంది, ఆవిరి చినుకులవుతుంది. చినుకు కట్టడానికి ధూళికణం కావాలని అప్పటికి అందరూ అనుకునేవారు. విల్సన్ గాలిలోని ధూళినంతా తీసేశారు. అయినా, వ్యాకోచం ఒక హద్దు దాటితే, అంటే గాలి ఘనపరిమాణం మొదటిదానికి ఒకటింబావు రెట్లు అయితే, చినుకులు రాలాయి. ఎన్నిసార్లు శుభ్రం చేసినా అంతే. ధూళి లేని గాలిలో చినుకు దేన్ని పట్టుకుని కడుతోంది? విద్యుదావేశం ఉన్న కణాలు కావచ్చునని ఆయన ఊహించారు. 1896 మొదట్లో, ఎక్స్ కిరణాల వార్త ఐరోపా అంతా పాకిన రోజుల్లో, థామ్సన్ దగ్గరున్న ఎక్స్‌రే గొట్టాన్ని తెచ్చి తన పాత్ర వైపు తిప్పారు. దట్టమైన పొగమంచు కమ్మేసింది. గాలిలో అయాన్లు పుడుతున్నాయి, ప్రతి అయాను మీదా ఒక చినుకు కడుతోంది.

ఇక్కడ ఆగి ఆలోచించాలి. అయాను కంటికి కనబడేది కాదు, ఏ సూక్ష్మదర్శినికీ అందదు. దాని చుట్టూ కట్టిన నీటిచుక్క మాత్రం కనబడుతుంది, ఫోటోకు కూడా అందుతుంది. థామ్సన్ ఈ మబ్బుతోనే ఎలక్ట్రాన్ ఆవేశాన్ని కొలిచారు. 1911లో విల్సన్ ఇంకో మెట్టెక్కారు. ఆల్ఫా కణం గాలిలో దూసుకుపోతే దారిపొడవునా అయాన్లు మిగులుతాయి కదా, సరిగ్గా ఆ క్షణంలో వ్యాకోచింపజేస్తే ఆ దారంతా చినుకుల గీతగా తేలాలి. తేలింది. పరమాణువు కంటే చిన్నదాని ప్రయాణాన్ని మనిషి కళ్లారా చూడడం అదే మొదలు. ఆ పరికరాన్ని క్లౌడ్ చాంబర్ అంటారు. 1927లో దానికి నోబెల్ వచ్చింది. విల్సన్‌కు మబ్బుల మీద మోజు మాత్రం తీరలేదు. ఉరుముల మేఘాల్లో విద్యుత్తు ఎలా పోగవుతుందన్నదాని మీద ఆయన చివరి పత్రం 1956లో, 87వ ఏట వెలువడింది. మధ్యలో, 1901లోనే, గాలిని అయనీకరించే కిరణాలు భూమి బయటినుంచి వస్తున్నాయేమోనన్న అనుమానంతో పరికరాన్ని రాత్రివేళ రైలు సొరంగంలోకి మోసుకెళ్లి కొలిచారు. తేడా కనబడలేదు. విశ్వకిరణాలు ఉన్నాయని విక్టర్ హెస్ బెలూనులో ఎగిరి తేల్చింది 1912లో. విల్సన్ అడిగిన ప్రశ్న సరైనదే.

మబ్బు పరికరం తర్వాత పాట్రిక్ బ్లాకెట్ చేతికి వచ్చింది. నౌకాదళం నుంచి వచ్చి భౌతికశాస్త్రంలో చేరిన మనిషి. 1919లో థామ్సన్ స్థానంలోకి వచ్చిన రూథర్‌ఫర్డ్, నత్రజని కేంద్రకాన్ని ఆల్ఫా కణం కొడితే ప్రోటాన్ ఊడివస్తుందని అప్పటికే చూపించారు. కొట్టిన కణం ఏమవుతుందో తెలియదు. బ్లాకెట్ క్లౌడ్ చాంబర్‌ను తనంత తానే మళ్లీమళ్లీ పనిచేసేలా అమర్చి, దాదాపు 23,000 ఫోటోలు తీశారు. వాటిలో నాలుగు లక్షలకు పైగా జాడలు. వాటిలో ఎనిమిదింటి దగ్గర గీత చీలింది. ఆల్ఫా కణం నత్రజనిలో కలిసిపోయి అది ఆక్సిజన్ అయిందని ఆ ఎనిమిది చీలికలు చెప్పాయి. ఒక మూలకం ఇంకో మూలకంగా మారడానికి మొదటి ఫోటో సాక్ష్యం వాతావరణ పరిశోధన పరికరం నుంచి వచ్చింది.

రూథర్‌ఫర్డ్ కాలం గురించి ఎన్నో పుస్తకాలున్నాయి కనుక త్వరగా దాటిపోతాను. ఫ్రాన్సిస్ ఆస్టన్ ఒకే మూలకంలో వేరువేరు బరువుల పరమాణువులుంటాయని నిరూపించి 1922లో రసాయన నోబెల్ అందుకున్నారు. జేమ్స్ చాడ్విక్ 1932 ఫిబ్రవరిలో న్యూట్రాన్‌ను కనిపెట్టారు. అందుకు కావలసిన పొలోనియం, బాల్టిమోర్‌లో ఒక ఆసుపత్రి కేన్సర్ చికిత్సకు వాడి పక్కన పడేసిన రేడాన్ గొట్టాల నుంచి తీసింది. రెండు నెలలకే జాన్ కాక్‌క్రాఫ్ట్, ఎర్నెస్ట్ వాల్టన్ లిథియం కేంద్రకాన్ని ప్రోటాన్లతో కొట్టి రెండు హీలియం కేంద్రకాలుగా చీల్చారు. పీటర్ కపిట్సా వీళ్లందరికీ దూరంగా అతి చలి, అతి బలమైన అయస్కాంత క్షేత్రాల పని పెట్టుకున్నారు. ఆయన కోసం విభాగం ఆవరణలోనే 1933లో మాండ్ లేబొరేటరీ కట్టించారు. మరుసటి ఏడు సొంత దేశం రష్యాకు వెళ్లిన కపిట్సాను సోవియట్ ప్రభుత్వం తిరిగి రానివ్వలేదు. రూథర్‌ఫర్డ్ ఆయన పరికరాలను మాస్కోకు పంపే ఏర్పాటు చేశారు.

1935లో చాడ్విక్ లివర్‌పూల్ విశ్వవిద్యాలయానికి వెళ్లి అక్కడ సైక్లోట్రాన్ కట్టే పని మొదలుపెట్టారు. భీమవరం దగ్గరి గొరగనమూడిలో భూపతిరాజు లక్ష్మీనరసింహరాజుగా పుట్టి, సన్యసించి, ఆపై ఐరోపాలో భౌతికశాస్త్రం చదివిన స్వామి జ్ఞానానంద లివర్‌పూల్‌లో ఆయన దగ్గరే పరిశోధన చేశారు. తిరిగివచ్చాక ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అణుకేంద్ర భౌతికశాస్త్రానికి పునాది వేశారు. వాల్తేరు కొండల మీది ఆ ప్రయోగశాలకు ఫ్రీ స్కూల్ లేన్‌తో ఉన్న బంధుత్వం ఒక్క తరం దూరమే.

రూథర్‌ఫర్డ్ 1937లో హఠాత్తుగా పోయారు. 1938లో ఆ కుర్చీలోకి లారెన్స్ బ్రాగ్ వచ్చారు. ఆయన కేంద్రక శాస్త్రజ్ఞుడు కాదు. 1912లో, విద్యార్థిగా ఉండగానే, స్ఫటికం మీద పడిన ఎక్స్ కిరణాలు ఎటు తిరుగుతాయో చెప్పే సూత్రం కనిపెట్టి, 25 ఏళ్లకే తండ్రితో కలిసి నోబెల్ అందుకున్నవారు. యుద్ధం ముగిసేసరికి రూథర్‌ఫర్డ్ శిష్యులంతా తలోచోట ఉన్నారు. కేంద్రకాలను చీల్చే యంత్రాలు ఒక విశ్వవిద్యాలయ విభాగం మోయలేనంత పెద్దవయ్యాయి. అణుబాంబు తర్వాత ఆ రంగానికి ఉన్న కీర్తి చూస్తే, ఎలాగైనా దాన్నే నిలబెట్టాలనిపించడం సహజం. బ్రాగ్ ఆ పోటీలోకి దిగలేదు. తన విభాగంలో మూల ఉన్న రెండు చిన్న బృందాలకు అండగా నిలిచారు. ఒకటి నెత్తురులోని హిమోగ్లోబిన్‌ను స్ఫటికంగా చేసి ఎక్స్ కిరణాలతో చూస్తోంది. రెండోది యుద్ధంలో మిగిలిపోయిన రాడార్ సామగ్రితో ఆకాశం నుంచి వచ్చే రేడియో శబ్దాన్ని వింటోంది. భౌతికశాస్త్రం అంటే ఇదేనా అని అడిగినవాళ్లు ఉండే ఉంటారు. ఒక విభాగాధిపతి తీసుకున్న నిర్ణయాల్లో ఇంతకు మించి ఫలించినది నాకు తెలియదు.

హిమోగ్లోబిన్ పెరుట్జ్ పని. ఆయన 1936లో వియన్నా నుంచి వచ్చిన రసాయన విద్యార్థి. గుర్రపు నెత్తురు నుంచి తీసిన హిమోగ్లోబిన్ స్ఫటికాలతో 1937లో మొదలుపెట్టారు. అణువులో దాదాపు పదివేల పరమాణువులు. అంతవరకూ ఎక్స్ కిరణాలతో విప్పిన అణువుల్లో పదుల సంఖ్యలోనే ఉండేవి. అసలు చిక్కు సంఖ్య కూడా కాదు. స్ఫటికం నుంచి వచ్చిన కిరణాలు ఫిల్ము మీద చుక్కలు పెడతాయి. ఏ చుక్క ఎంత గాఢంగా ఉందో ఫిల్ము చెబుతుంది. ఆ తరంగాలు ఒకదానికొకటి ఎంత ముందూ వెనకా వచ్చాయో చెప్పదు. చెరువులో నాలుగు చోట్ల రాళ్లు పడ్డాయి, గట్టున నిలబడ్డ మనకు అలల ఎత్తు తెలుస్తుంది గానీ ఏ అల ఎప్పుడు తాకిందో తెలియదు. ఇక రాళ్లు ఎక్కడ పడ్డాయో ఎలా చెప్పగలం? పెరుట్జ్ పదహారేళ్లు ఆ గోడకు తల కొట్టుకున్నారు. మధ్యలో యుద్ధం వచ్చింది. ఆస్ట్రియా నుంచి వచ్చినవాడు కనుక శత్రుదేశీయుడని 1940లో నిర్బంధించి కెనడాకు పంపారు. తర్వాత అదే ప్రభుత్వం ఆయన్ను పిలిచి, మంచుతో యుద్ధనౌక కట్టవచ్చేమో చూడమంది. హిమానీనదాల కదలిక మీద ఆయన చేసిన పనే ఆ పిలుపుకు కారణం.

దారి 1953లో దొరికింది. అణువు ఆకారం చెదరకుండా దానికి పాదరసం పరమాణువులను తగిలిస్తే చుక్కల గాఢత మారుతుంది. తగిలించక ముందు, తగిలించాక తీసిన రెండు బొమ్మలనూ పోల్చితే, ఫిల్ము దాచుకున్న ముందువెనకలు బయటపడతాయి. కెండ్రూ అదే పద్ధతితో హిమోగ్లోబిన్ కంటే చిన్నదైన మయోగ్లోబిన్ ఆకృతిని 1957లో రాబట్టారు. పెరుట్జ్ హిమోగ్లోబిన్ 1959లో తేలింది. మొదటి ఫోటోకూ దానికీ 22 ఏళ్లు. ఈ లెక్కన ఏటా ఎన్ని పత్రాలు అచ్చయ్యాయని అడిగే పద్ధతిలో పెరుట్జ్ ఉద్యోగం నిలిచేది కాదు. జీతాన్ని అమెరికాలోని రాక్‌ఫెలర్ ఫౌండేషన్ నుంచి ఒకసారి, బ్రిటన్ వైద్య పరిశోధన మండలి నుంచి ఇంకోసారి పట్టుకొచ్చి నిలబెట్టింది బ్రాగ్.

బ్రాగ్ అందరికీ అన్నీ అనుమతించిన మనిషేమీ కాదు. క్రిక్, వాట్సన్ 1951 చివర్లో తప్పుడు డీఎన్‌ఏ నమూనా కట్టినప్పుడు, ఆ అణువు లండన్ కింగ్స్ కాలేజీ వాళ్ల పని, మీరు వదిలేయండని ఆపించారు. అమెరికాలో రసాయన శాస్త్రజ్ఞుడు లైనస్ పాలింగ్ డీఎన్‌ఏ మీదికి వచ్చారని తెలిశాకే సరేనన్నారు. 1953 ఏప్రిల్‌లో అచ్చయిన జంటమెలిక నమూనాకు ఆధారమైన కొలతల్లో ముఖ్యమైనవి కింగ్స్ కాలేజీలో రోజలిండ్ ఫ్రాంక్లిన్‌వి. అవి ఆమెకు తెలియకుండానే కేంబ్రిడ్జి చేరాయి. ఆమె 1958లో, 37 ఏళ్లకు కేన్సర్‌తో పోయారు. ఈ విభాగం ఘనత చెప్పుకునే ఎవరైనా ఈ మాట కూడా చెప్పాలి.

బ్రాగ్ రోజుల్లోనే జి.ఎన్. రామచంద్రన్ కావెండిష్‌లో స్ఫటికాల్లో ఎక్స్ కిరణాలు చెదిరే తీరు మీద 1949లో పీహెచ్‌డీ పూర్తి చేసి మన దేశానికి తిరిగి వచ్చారు. 1952 నుంచి మద్రాసు విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర విభాగం నడిపారు. చర్మం, స్నాయువులు, ఎముకల్లో ఉండే కొలాజెన్ మూడు పేటల తాడులా మెలికపడి ఉంటుందని గోపీనాథ్ కర్తాతో కలిసి 1954లో ప్రకటించారు. ప్రోటీన్ గొలుసు ఏ కోణాల్లో మెలిక తిరగగలదో చూపే, 1963లో వచ్చిన రామచంద్రన్ పటం లేకుండా ఇప్పుడు ఏ ప్రోటీన్ ఆకృతినీ సరిచూడరు. భౌతికశాస్త్ర విభాగం నెత్తురునూ చర్మాన్నీ చదవవచ్చునన్న ధైర్యం చెన్నపట్నంలోనూ అలా ఫలించింది.

రేడియో బృందం కథకు వేరు ఇంకా వెనక ఉంది. రేడియో తరంగాలు భూమి వంపు దాటి దూరదేశాలకు ఎలా పోతున్నాయన్న ప్రశ్నకు, పైన గాలిలో ఒక అయనీకృత పొర ఉంది, అది వాటిని కిందికి తిప్పుతోంది అన్న జవాబు 1920లలో స్థిరపడింది. ఆ అయనోవరణాన్ని చదివే బృందాన్ని కావెండిష్‌లో జాక్ రాట్‌క్లిఫ్ నడిపారు. మన వాల్తేరులోనూ ఆచార్య బి. రామచంద్రరావు ఆధ్వర్యంలో అయనోవరణ పరిశోధన దశాబ్దాలు సాగింది. రాట్‌క్లిఫ్ బృందంలోకి యుద్ధం తర్వాత మార్టిన్ రైల్ వచ్చి చేరారు. సూర్యుడి నుంచి వచ్చే రేడియో తరంగాలతో మొదలుపెట్టి, ఆకాశమంతా వెతకసాగారు. పెద్ద దూరదర్శిని కట్టే డబ్బు లేదు. కనుక చిన్న పళ్లాలను దూరదూరంగా పెట్టి, వాటి సంకేతాలను లెక్కలతో కలిపి, భూమి తిరుగుడును కూడా వాడుకుని, కిలోమీటర్ల వెడల్పున్న ఒకే పళ్లెం చూసినంత వివరంగా చూసే పద్ధతి సాధించారు. లెక్క మాత్రం ఎక్స్‌రే చుక్కల నుంచి అణువును రాబట్టేవాళ్లు వాడే ఫూరియర్ గణితమే. ఒకే విభాగంలో ఒకరు దానితో హిమోగ్లోబిన్‌నూ ఇంకొకరు గెలాక్సీనీ గీశారు. రైల్ బృందం 1972లో పూర్తిచేసిన ఐదు కిలోమీటర్ల దూరదర్శిని, రైళ్లు మానేసిన కేంబ్రిడ్జి–ఆక్స్‌ఫర్డ్ మార్గం వెంబడి నిలిచింది.

ఈ మధ్యలో విభాగం మిగతా చోట్ల కూడా పెరిగింది. 1954లో బ్రాగ్ స్థానంలోకి వచ్చిన నెవిల్ మాట్ ఘనపదార్థాల భౌతికశాస్త్రాన్ని కేంద్రానికి తెచ్చారు. గాజులాంటి క్రమంలేని పదార్థాల్లో విద్యుత్తు ఎలా కదులుతుందన్న ఆయన పనికి 1977లో నోబెల్ వచ్చింది. దీర్ఘతరంగ ఎక్స్ కిరణాల మీద 1961లో పీహెచ్‌డీ చేసిన రే డాల్బీ అనే అమెరికన్ పేరు సినిమాహాలుకు వెళ్లే తెలుగువాళ్లందరికీ తెలుసు. కేంబ్రిడ్జి వదిలాక ఆయన యునెస్కో సలహాదారుగా రెండేళ్లు మన దేశంలోనే ఉన్నారు, తర్వాత 1965లో సొంత సంస్థ పెట్టి ధ్వనిముద్రణలో బుసబుస శబ్దాన్ని అణచే పద్ధతి తెచ్చారు. ఆయన ఆస్తి నుంచి విభాగానికి 2017లో 8.5 కోట్ల పౌండ్ల విరాళం అందింది, కొత్త భవనానికి ఆయన పేరే పెట్టారు. 1989లో రిచర్డ్ ఫ్రెండ్ బృందంలో ఒక విద్యార్థి ఒకరకం ప్లాస్టిక్‌ను బంధక పొరగా పనికొస్తుందేమోనని పరీక్షిస్తుంటే, వోల్టేజి పెట్టగానే అది పసుపుపచ్చగా వెలిగింది. విశ్వవిద్యాలయ రసాయన విభాగంతో కలిసి మరుసటి ఏడు ఆ ఫలితం అచ్చువేశారు. చిన్న అణువులతో వెలిగే పొరలను కొడాక్ సంస్థ వాళ్లు 1987లోనే చేశారు, ఇప్పటి ఫోన్ తెరల్లో ఎక్కువగా ఉన్నవి ఆ జాతివే. ప్లాస్టిక్ కూడా వెలుగుతుందని తెలిసింది మాత్రం ఇక్కడ. వెలుగునిచ్చే ఆ పొరల శాస్త్రాన్నే తిరగేస్తే వెలుగు నుంచి విద్యుత్తు తీసే సౌర ఘటాలొస్తాయి. విభాగంలో ఇప్పుడు ఆ పనీ ఉంది, జీవకణాల యాంత్రికతా ఉంది, సూర్యుడిలాంటి ఇతర నక్షత్రాల చుట్టూ గ్రహాలను వెతికే పనీ ఉంది.

మళ్లీ రేడియో బృందం దగ్గరికి వద్దాం. రైల్ సహచరుడు ఆంటొనీ హ్యూయిష్‌కు వేరే ఆలోచన ఉండేది. గాలి కదలికకు నక్షత్రం మినుకుమన్నట్టే, సూర్యుడి నుంచి వీచే ఆవేశకణాల గాలిలో చిన్న రేడియో మూలాలు మినుకుమంటాయి, పెద్దవి మినుకుమనవు. ఆ తేడాతో, అతి దూరాన చిన్నగా కనిపించే రేడియో మూలాలైన క్వాజార్లను పట్టుకోవచ్చు. అయనోవరణంలో మినుకుమనడాన్ని ఆ బృందం ముందునుంచీ చదువుతున్నదే. అందుకోసం నాలుగున్నర ఎకరాల పొలంలో వెయ్యికి పైగా గుంజలు పాతి, 2,048 డైపోల్ యాంటెనాలు అమర్చారు. గుంజలు దిగ్గొట్టినవాళ్లలో ఉత్తర ఐర్లండ్ నుంచి వచ్చిన పరిశోధక విద్యార్థిని జోసెలిన్ బెల్ ఉన్నారు. 1967 జులైలో యాంటెనా పని మొదలయింది. రోజుకు దాదాపు ముప్పై మీటర్ల కాగితం మీద కలం గీతలు గీసేది. ఆ కాగితమంతా చదవడం ఆమె వంతు. ఆగస్టులో ఒకచోట ఒక చిన్న చిందరవందర కనిపించింది. క్వాజార్ మినుకు కాదు, మనుషుల రేడియో రొద కూడా కాదు. అది మళ్లీ వచ్చినప్పుడు, రోజూ నాలుగు నిమిషాలు ముందు, నక్షత్రాల లెక్కన వస్తోందని ఆమె గమనించారు. నవంబరు 28న కాగితాన్ని వేగంగా నడిపి చూస్తే, ఆ చిందరవందర విడివడి 1.337 సెకన్లకొకటి చొప్పున సమానమైన తుళ్లింతలయింది. మనిషి చేసిన గడియారమేమో అనిపించేంత క్రమం. డిసెంబరులో ఆకాశంలో వేరే దిక్కున రెండోది దొరికింది. అప్పటికింకా పల్సార్లని పేరు పెట్టని కొత్త రకం నక్షత్రాలు ఇవి.

మరుసటి ఏడాదికల్లా అవి వేగంగా తిరిగే న్యూట్రాన్ నక్షత్రాలని తేలింది. సూర్యుడి కంటే ఎక్కువ బరువు దాదాపు ఇరవై కిలోమీటర్ల గోళంలో కూరుకుపోతే మిగిలేది అది. ముప్పై ఐదేళ్ల కిందట అదే విభాగంలో చాడ్విక్ పారఫిన్ మైనం ముక్కతో పసిగట్టిన కణమే ఆ నక్షత్రపు ముడిపదార్థం.

1974 భౌతికశాస్త్ర నోబెల్ రైల్, హ్యూయిష్‌లకు వచ్చింది. బెల్‌కు ఇవ్వలేదు. అది అన్యాయమని అప్పుడే కొందరు శాస్త్రజ్ఞులు బహిరంగంగా అన్నారు, ఈ రచయిత మాటా అదే. 2018లో ఆమెకు బ్రేక్‌త్రూ బహుమతి వచ్చింది, విలువ 30 లక్షల డాలర్లు. అందులో ఆమె ఏమీ ఉంచుకోలేదు. భౌతికశాస్త్రంలో తక్కువగా కనిపించే వర్గాల నుంచి, శరణార్థుల నుంచి వచ్చే పీహెచ్‌డీ విద్యార్థులకు ఉపకారవేతనాలుగా ఇవ్వమని బ్రిటన్‌లోని భౌతికశాస్త్ర సంస్థకు మొత్తం అప్పగించారు. ఆ వేతనాలు ఏటా అందుతున్నాయి.